చీటీలో రాని మాత్ర

ఆరున్నర అయ్యేసరికి మంజులమ్మ పదకొండో కట్ట చుడుతోంది. బల్ల మీద గీసిన గీతల వెంబడి ఒక్కొక్క రోజా కాడను పెట్టి చూసి, అరవై సెంటీమీటర్లు దాటినవి ఒకవైపు, యాభైవి ఇంకోవైపు, అంతకు పొట్టివి కాళ్ల దగ్గరున్న బుట్టలోకి వేస్తోంది. ఇరవై పూలు కాగానే మొగ్గల తలలన్నీ ఒక్క మట్టానికి తెచ్చి, అట్టలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, కాడల కొసలు ఒక్క వేటుకు కత్తిరించి నీళ్ల బకెట్టులో దించాలి. పదేళ్లుగా చేస్తున్న పని. ఇప్పుడు ఆమెకు గీతలు అక్కర్లేదు. కాడ చేతిలోకి రాగానే ఎంత పొడుగో వేళ్లే చెబుతాయి. ఎడమ చెయ్యి మాత్రం నాలుగేళ్ల కిందటి ఆపరేషన్ తర్వాత భుజం దాటి లేవదు. అందుకని పై అరలోని అట్టలు ముందే దించి పక్కన పెట్టుకుంటుంది.

రాత్రి కురిసిన మంచు షెడ్డు అంచుల నుంచి బొట్లు బొట్లుగా జారుతోంది. ఎత్తు మీదున్న ఈ తళి ఊళ్లో కార్తీకం దాటితే ఎనిమిదైనా ఎండ మొహం కనబడదు. తోటి ఆడవాళ్లు స్వెట్టర్ల మీద కొంగు తలకు చుట్టుకొని పని చేస్తున్నారు. పన్నెండో కట్టతో ఆపి ఎనిమిది గంటల బస్సుకు హోసూరు పోవాలని మంజులమ్మ మేస్త్రీకి నిన్ననే చెప్పింది. నెలకొకసారి ఆమె అలా పోతుందని అందరికీ తెలుసు. ఎందుకో కూడా తెలుసు. ఎవరూ అడగరు.

ఈ షెడ్డు లేచిన నేల ఒకప్పుడు వాళ్ల ఇంటిదే. మామ పోయాక అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు, మాటా మాటా రాకుండా పెద్దమనుషులు చీటీలు వేశారు. రోడ్డు పక్క, బోరు పడిన రెండెకరాలు మరిది మునెప్పకు వచ్చాయి. రాతి దిబ్బ వైపు రెండెకరాలు ఆమె భర్త అశ్వత్థప్పకు. ఏడాది తిరక్కుండానే పూల కంపెనీవాళ్లు వచ్చి మునెప్ప నేలను లీజుకు తీసుకొని ప్లాస్టిక్ పైకప్పుల షెడ్లు లేపారు. మునెప్ప మిద్దె కట్టాడు. అశ్వత్థప్ప ఇప్పటికీ రాళ్లు ఏరుతూ క్యాబేజీ పండిస్తున్నాడు. మంజులమ్మ తోడికోడలి నేలలోకి కూలికి వస్తుంది. ఆ తోడికోడలు గేటు దగ్గర ఎదురుపడితే నవ్వుతూ పలకరిస్తుంది, మంజులమ్మ కూడా నవ్వుతుంది. నవ్వుతున్నంతసేపూ కడుపులో సన్నగా ఏదో కాలుతూనే ఉంటుంది. ఆ మంట ఆమెకు కొత్తది కాదు. చిన్నప్పుడు అక్కకు కొత్త పావడా, తనకు అక్క విడిచిన పావడా వచ్చినప్పటి నుంచి ఎరిగినదే.

చేతులు కడుక్కొని ఇంటికి వచ్చి చీర మార్చుకుంది. రవికలో ఎడమవైపు పాత పంచె ముక్కను మడిచి పెట్టుకుంటుంది. మధ్యాహ్నానికల్లా అది చంకలోకి జారిపోతుంది, మరుగుకు పోయి సర్దుకోవాలి. జుట్టు పలచబడి జడ తోకలా మిగిలింది. దాన్నే చుట్టి ముడేసింది. అశ్వత్థప్ప అప్పటికే పొలంలో ఉన్నాడు. గట్టు మీద నుంచి చూసి చెయ్యి ఎత్తాడు. ఆమె కుడి చెయ్యి ఎత్తింది. ఆపరేషన్ రోజు తప్ప ఆయన మళ్లీ ఆసుపత్రికి రాలేదు. రానని అనలేదు. కరెంటు వచ్చే వేళ, కూలి మనుషులు, లోడుకు వచ్చే లారీ, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడుతుంది. ఆమె కూడా రమ్మనలేదు. పిలవకుండా వస్తేనే రావడమని ఆమె లెక్క.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మలుపులన్నీ దిగి బస్సు హోసూరు చేరడానికి గంట పడుతుంది. మంజులమ్మ మనసు మాత్రం ముందే ఆసుపత్రి చేరి, అక్కడి వరండాలో మూడో బెంచీ మీద కూర్చుంది. అంబిక ఈపాటికి వచ్చి ఉంటుందా? ఏ చీర కట్టుకొని ఉంటుంది? ఈ నెల ఇంకెంత బాగుపడి ఉంటుంది?

అంబికను ఆమె మొదట చూసింది పది నెలల కిందట. రొమ్ములో తీసేసిన జబ్బు వెన్నెముకలోనూ పక్కటెముకల్లోనూ మళ్లీ కనబడిందని, ఇన్నాళ్లూ మింగుతున్న మాత్ర ఇక పట్టడం లేదని డాక్టరమ్మ మంజులమ్మకు చెప్పిన రోజు అది. ఆమె బయటికి వచ్చేసరికి అదే మాట చెప్పించుకొని బెంచీ మీద కూర్చొని ఉంది అంబిక. బర్గూరు మనిషి. నలభై రెండేళ్లు. ఇంట్లో మిషను పెట్టుకొని రవికలు కుడుతుంది. భర్త ధనశేఖర్ గ్రానైటు కోసే యార్డులో పని చేస్తాడు. ఎంత తలస్నానం చేసినా చెవుల వెనక తెల్లటి రాతిపొడి మిగిలే ఉంటుంది. ఆ రోజు ఆయన భార్య చెప్పులు విప్పి, కాళ్లు బెంచీ మీదికి చాపించి, తను నిలబడే ఉన్నాడు.

డాక్టరమ్మ ఇద్దరికీ కొత్త మందును పరీక్షించే ట్రయల్ సంగతి చెప్పింది. ట్రయల్ పనులన్నీ చూసే నందిత అనే అమ్మాయి ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి తెలుగులో ఉన్న కాగితాలు పేజీ పేజీ చదివి వినిపించింది. ఒక గుంపుకు కొత్త మాత్ర, రోజుకొకటి. ఇంకో గుంపుకు ఇప్పటికే వాడుకలో ఉన్న సూది మందు, నెలకొకసారి రెండు సూదులు. ఎవరు ఏ గుంపో డాక్టరమ్మ చేతిలోనూ లేదు, తన చేతిలోనూ లేదు, కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. రెంటిలో ఏది మేలో తమకే తెలియదని, అది తెలుసుకోవడానికే ఇదంతా అని, వద్దనుకుంటే ఏ రోజైనా మానుకోవచ్చని నందిత ఒకటికి రెండుసార్లు చెప్పింది.

చీటీ అన్న మాట చెవిన పడగానే మంజులమ్మకు తన గుంపు తెలిసిపోయింది. వారం తర్వాత తెలిసినట్టే అయింది. అంబికకు మాత్ర, ఆమెకు సూదులు.

ఏది మేలో తెలియదంటే ఆమె నమ్మలేదు. తెలియనిదాన్ని అంత జాగ్రత్తగా తాళం వేసిన అలమారలో ఎందుకు పెడతారు? నెలనెలా లెక్కపెట్టి ఎందుకు ఇస్తారు, మిగిలినవి లెక్కపెట్టి ఎందుకు వెనక్కి తీసుకుంటారు? విలువైనదాన్నే కదా ఎవరైనా లెక్కపెడతారు. తన సూదులు వేసి, ఖాళీ సిరంజీలు డబ్బాలో పారేస్తారు, అంతే.

అప్పటి నుంచి ప్రతి నెలా ఇద్దరిదీ ఒకే రోజు, ఒకే బెంచీ. అంబిక బుగ్గలు నిండాయి. జుట్టు ఒత్తుగా వచ్చింది. తీసేసిన రొమ్ము చోట దూది, మెత్తటి గుడ్డ కలిపి తనే మెత్త కుట్టి రవిక లోపల అతికించుకుంది. చూసినవాళ్లెవరూ కనిపెట్టలేరు. నీకూ ఒకటి కుట్టి ఇస్తాను అక్కా, కొలత ఇవ్వు అని రెండుసార్లు అడిగింది. మంజులమ్మ ఇవ్వలేదు. ధనశేఖర్ ప్రతిసారీ సెలవు పెట్టి వచ్చేవాడు. కమలాపండు వలిచి, తొనల మీది పీచు కూడా తీసి, ఒక్కొక్కటీ భార్య చేతిలో పెట్టేవాడు. రెండు తొనలు మంజులమ్మకూ అందించేవాడు.

బాగుందా, ఆకలవుతోందా, నిద్ర పడుతోందా, బరువు ఎంత వచ్చింది అని మంజులమ్మ అడిగేది. అక్క ఎంత ఆదరంగా అడుగుతుందో అని అంబిక అన్నీ చెప్పేది. ఆ జవాబులన్నీ మంజులమ్మ ఇంటికి మోసుకుపోయి, రోజాలు కొలిచినట్టు తనవాటి పక్కన పెట్టి కొలిచేది. ప్రతిసారీ తనదే పొట్టి కాడ. అంబిక దగ్గితే ఆమె చెవులు నిక్కబొడుచుకునేవి. ఆ దగ్గు ఊరికే పొలమారడమేనని తెలిశాక తన మీద తనకే అసహ్యం వేసేది. ఆ అసహ్యం బస్సు దిగేదాకా ఉండేది, అంతే.

ఆసుపత్రి చేరి బరువు చూపించుకొని, రక్తం ఇచ్చి వరండాలోకి వచ్చేసరికి అంబిక మూడో బెంచీ మీదే ఉంది. ఆకుపచ్చ చీర, అదే రంగు రవిక. ఈ నెల నడుము సన్నబడింది. మొహం పసుపు రాసుకొని కడిగినట్టుంది. కళ్ల కింద కొంచెం లోతు వచ్చి, ఆ కళ్లే ఇంకా పెద్దవిగా కనబడుతున్నాయి. ఈ వయసులో మళ్లీ పెళ్లికూతురి కళ వచ్చింది అనుకుంది మంజులమ్మ. కడుపులో మంట రాజుకుంది. టీ తాగుతావా అని ధనశేఖర్ అడిగితే అంబిక వద్దంది, ఈమధ్య ఏమీ సయించడం లేదంది. ఒళ్లు తగ్గించుకోవడానికి తిండి మానేస్తోంది కాబోలు అని మంజులమ్మ అనుకుంది. ఇద్దరికీ పోయిన వారమే స్కాను తీశారు. ఆ సంగతి ఈరోజు డాక్టరమ్మ చెబుతుంది.

ధనశేఖర్ కాగితాలు జెరాక్సు తీయించడానికి పోయాడు. అంతలో ఈసీజీ తీయాలని నర్సు అంబికను పిలిచింది. మాత్ర వాడేవాళ్లకు గుండె కూడా చూస్తుంటారు. అంబిక మెడలోని గొలుసు, చేతి గాజులు తీసి సంచిలో వేసి, ఆ సంచి మంజులమ్మ ఒడిలో పెట్టింది.

"కొంచెం చూస్తా ఉండక్కా. నువ్వుంటే నాకు ధైర్యం."

ఆమె లోపలికి పోయింది. సంచి నోరు తెరుచుకునే ఉంది. గొలుసు పక్కన, గళ్ల రుమాలు మీద, తెల్లటి సీసా.

మంజులమ్మ దాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అరచేతిలో ఇమిడేంత సీసా. పది నెలలుగా ఆమె రాత్రుల్లో అది బిందెంత అయి కూర్చుంది. వరండాలో ఎవరి కాగితాల్లో వాళ్లు తల దూర్చి ఉన్నారు. మూతను అదిమి తిప్పితేనే వస్తుందని ఆమెకు తెలుసు, అంబిక తీస్తుంటే ఎన్నోసార్లు చూసింది. కుడి చేత్తో అదిమి తిప్పింది. లోపల మాత్రలు, వాటి అడుగున దూది. అరచేతిలోకి వంచితే అన్నీ కలిసి పడ్డాయి. నాలుగు తీసింది. ఎందుకు నాలుగో ఆమెకే తెలియదు, వేళ్లకు నాలుగు అందాయి. మిగిలినవి సీసాలో పోసి, పైన దూది కుక్కి మూత బిగించింది. ఆ నాలుగూ కొంగు చివర ముడి వేసి, ముడిని బొడ్లో దోపుకుంది. అంబిక తిరిగి వచ్చి సంచి తీసుకొని, చాలాసేపు కూర్చున్నావు, నడుము నొప్పి పుట్టిందేమో అని అడిగినప్పుడు మంజులమ్మ లేదని తల ఊపింది. ఇంట్లో దీపం ముందు కూర్చొని ఒక్కొక్కటీ మింగాలని, నాలుగు రోజులకే ఎముకల్లోని నొప్పి కరిగిపోతుందని అప్పుడే అనిపించడం మొదలైంది.

మాత్రల లెక్క వరండా పక్క గదిలోనే చేస్తారు. తలుపు తెరిచే ఉంటుంది. నందిత దూది తీసి పక్కన పెట్టి, నీలం పళ్లెంలో సీసా బోర్లించి, చిన్న గరిటెతో మాత్రలు పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. అంబిక రోజూ టిక్కులు పెట్టే కార్డు తీసి చూసింది.

"అంబికమ్మా, ఏడు మిగలాల. మూడే ఉండాయి. ఒక దినం రెండు రెండు ఏమన్నా వేసుకున్నావా?"

అంబిక లేదంది. కార్డు వంక, పళ్లెం పక్కన పెట్టిన దూది వంక చూసింది. తరువాత తలతిప్పి, తెరిచి ఉన్న తలుపులోంచి బెంచీ వైపు చూసింది. మంజులమ్మ తన కాళ్లవైపు చూసుకుంటోంది. ఆ చూపు మొహం మీద పడడం తల ఎత్తకుండానే తెలిసింది.

ఇంట్లో కింద పడి ఉంటాయని, వెతికి చెబుతానని అంబిక మెల్లగా అంది. నందిత అదే రాసుకుంది. ఎక్కువ మింగి ఉంటే మాత్రం దాచవద్దని, అది ఆమె మంచికేనని ఇంకోసారి చెప్పింది.

డాక్టరమ్మ ముందు మంజులమ్మను పిలిచింది. స్కాను బొమ్మలు తెర మీద పెట్టి, వెన్నులో మచ్చలు పెరగలేదని, పక్కటెముకలో ఒకటి కొంచెం చిన్నదైందని, సూది మందు బాగా పట్టిందని నవ్వుతూ చెప్పింది. నవ్వాలని మంజులమ్మకూ తోచింది. కానీ ముందు వచ్చిన ఆలోచన వేరు. పాత మందుకే తనకు ఇంత తగ్గితే, ఆ కొత్త మాత్రకు అంబికకు ఎంత తగ్గి ఉంటుంది? మొత్తంగా మాయమై ఉంటుంది. బొడ్లో ముడి గట్టిగా ఒత్తుకుంటోంది.

ఆమె బయటికి వచ్చాక అంబిక, ధనశేఖర్ లోపలికి పోయారు. చాలాసేపటికి ధనశేఖర్ ఒక్కడే బయటికి వచ్చి, గోడవైపు తిరిగి నిలబడి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. మాట్లాడలేదు. ఆయన భుజాలు కదులుతున్నాయి. తరువాత నందిత పోయి తాళం తీసి, ఈ నెల అంబికకు ఇవ్వాల్సిన కొత్త సీసా మళ్లీ అలమారలోనే పెట్టి తాళం వేయడం మంజులమ్మ చూసింది. మాత్ర ఆపేశారు.

చూసిన ఆ ఒక్క క్షణం ఆమె లోపల ఏదో తేలికైంది. పది నెలలుగా మోస్తున్న బరువు ఎవరో దించినట్టు అయింది. అది ఏమిటో తెలిసిన మరుక్షణం ఆమె అలమార మీంచి చూపు తిప్పుకుంది.

సూదుల కోసం నర్సు పిలిచింది. బోర్లా పడుకోవాలి. రెండు పక్కలా, ఒక్కొక్కటీ రెండు నిమిషాలు పట్టేలా, నిదానంగా ఎక్కిస్తారు. మందు నూనెలా చిక్కగా ఉంటుంది. మొదటిది కుడివైపు. మంజులమ్మ దిండులో మొహం దాచుకుంది. బొడ్లో ముడి పొట్ట కింద రాయిలా తగులుతోంది. రెండోది ఎడమవైపు. నొప్పిగా ఉంటే చెప్పమంది నర్సు.

కుంటుతూ బయటికి వచ్చేసరికి వరండా పలచబడింది. అంబిక అదే బెంచీ మీద ఒక్కతే కూర్చొని ఉంది. ధనశేఖర్ కాగితాల కోసం లైనులో ఉన్నాడట. మంజులమ్మ పక్కన ఒక అంచు మీద కూర్చుంది.

"నీది ఏమన్నారక్కా?"

"అట్లనే ఉండాదంట." మంజులమ్మ ఆగింది. "ఒకటి చిన్నదైందంట."

అంబిక తల ఊపింది. "నాది లివర్‌లోకి పోయిందంట. మాత్ర పట్టలేదంట. ఇంక ఈడికి వచ్చే పని లేదు. క్రిష్ణగిరిలోనే డ్రిప్పు పెడతారంట."

ఆ మొహం మీది పసుపు ఏమిటో మంజులమ్మకు అప్పుడు తెలిసింది. సన్నబడిన నడుమూ, సయించని టీ, లోతుకు పోయిన కళ్లూ ఒక్కసారి వేరే అర్థంలో ఎదురుగా నిలబడ్డాయి.

"నీ సూదుల మీద నాకెప్పుడూ కన్నే అక్కా," అంది అంబిక, ఎదురుగా గోడను చూస్తూ. "వాళ్లే వేసి పంపిస్తారు. నువ్వు ఇంటికి పోయి నీ పని చూసుకుంటావు. నాకు ఆ సీసా చూస్తే దినమూ భయం. మరిచిపోతినేమో, ఆలస్యమాయనేమో, తిన్నాక మింగితినేమో. నువ్వు బస్సులో ఒంటరిగా వచ్చి ఒంటరిగా పోతావు. ఈయన నా మొగం చూసి చూసి ఏడుస్తాడు. నీ మాదిరి ఒక దినం నేనూ ఒక్కదాన్నే వచ్చిపోతే ఎంత బాగుండునని అనుకుంటా ఉంటిని."

మంజులమ్మ ఆమెవైపు తిరిగింది. పది నెలల్లో మొదటిసారి కొలవడానికి కాకుండా చూసింది. అంబిక చెయ్యి చాచి, అరచేయి పైకి పెట్టి ఉంది.

"అవి మింగొద్దక్కా. నాకే పని చేయలేదు."

బొడ్లోంచి ముడి తీయడానికి చాలాసేపు పట్టింది. లాగేకొద్దీ ముడి ఇంకా బిగుసుకుంది. చివరికి పంటితో లాగి విప్పింది. నాలుగు మాత్రలు అంబిక అరచేతిలో పడ్డాయి, చెమటకు కొంచెం తడిసి.

"ఎట్ల కనుక్కుంటివి?"

"దూది నేను మాత్రల అడుగున పెడతాను, అవి గలగలమనకుండా. ఈపొద్దు పైన ఉండె." అంబిక మాత్రలను రుమాలులో చుట్టింది. "చీటీ నాది నీకు, నీది నాకు వచ్చి ఉంటే, నేనైనా తీసి ఉందునేమో అక్కా."

లేచి నందిత గదిలోకి పోయింది. సంచి మూలలో పడి ఉన్నాయి, తడి తగిలినట్టుంది అని చెప్పడం మంజులమ్మకు వినబడింది. లెక్క సరిపోయిందన్న నందిత గొంతులో తేలికదనం కూడా వినబడింది.

ధనశేఖర్ కాగితాలతో వచ్చాడు. బర్గూరు చేరేసరికి చీకటి పడుతుంది, బయలుదేరాలి అన్నాడు. మంజులమ్మ వంక చూసి, వస్తాము అక్కా అని మామూలుగానే అన్నాడు. ఆయనకు ఏమీ తెలియదు. అంబిక సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి మంజులమ్మ ఒడిలో పెట్టింది. స్కాను మంచిగా వస్తుందని పొద్దున నాలుగింటికే లేచి బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసిందట. ఇప్పుడు తినే మనసు లేదు, మీ ఇంటాయనకు పెట్టు అంది. మరి డబ్బా అని మంజులమ్మ అడిగితే, మళ్లీ కలిసినప్పుడు ఇద్దువులే అంది. మెట్ల దగ్గర ధనశేఖర్ చెయ్యి అందించబోతే వద్దని, రెయిలింగు పట్టుకొని ఒక్కతే దిగింది. ఆకుపచ్చ చీర గేటు దాటేదాకా మంజులమ్మ చూసింది.

ఆ సాయంత్రం బస్సులో రెండు పక్కలా సలుపుతుంటే ఒకవైపు ఒరిగి, మరోవైపు ఒరిగి కూర్చుంది. డబ్బా ఒడిలో ఉంది. ఇంట్లో అశ్వత్థప్ప రెండు ఓళిగలు తిని, ఎవరు చేశారు, పూర్ణం బాగా కుదిరింది అన్నాడు. నా మాదిరే ఆసుపత్రికి వచ్చే మనిషి అంది. మచ్చ చిన్నదైందని కూడా చెప్పింది. ఆయన నమలడం ఆపి, నీళ్లు తాగి, వచ్చే నెల నేనూ వస్తాను అన్నాడు. లారీ వచ్చే రోజు కదా అంది ఆమె. లారీ ఆగుతుందిలే అన్నాడు. ఆమెకు ఏడుపు వచ్చింది.

ఒకరింటి డబ్బాను ఖాళీగా తిరిగివ్వడం ఆ ఊళ్లో లేదు. వచ్చే నెల అనప చిక్కుళ్లు ఒలిచి, గింజలు నానబెట్టి, పొట్టు పితికి తీసి, పప్పును ఉప్పూ కారం వేసి వేయించి డబ్బా నిండా పోసి తీసుకుపోయింది. అంబిక రాదని తెలిసీ మూడో బెంచీ మీద పొద్దు ఎక్కేదాకా కూర్చుంది. అశ్వత్థప్ప పక్కనే కూర్చొని, వచ్చేపోయే డాక్టర్లను చూస్తూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పప్పు ఇద్దరూ బస్సులో తిన్నారు. ఆ తరువాతి నెల మళ్లీ కొత్తగా వేయించింది.

ఆ నెల ఆసుపత్రికి పోయిన రోజు నందిత సూదులకు ముందు అడగాల్సినవన్నీ అడిగి, రాసుకొని, పెన్ను మూత పెట్టింది. ట్రయల్ నుంచి తప్పుకున్నవాళ్ల సంగతి కూడా ఫోను చేసి కనుక్కొని రాసుకోవాలట. ఏది మేలో తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుందట. తనవీ అంబికవీ, ఇద్దరి కాగితాలూ అందులో ఉంటాయట.

"అంబికమ్మ పోయి పదకొండు దినాలాయ మంజులమ్మా. వాళ్ల ఇంటాయన చెప్పినారు. నువ్వు ఎట్ల ఉండావని అడిగినారు. బాగుండాదని చెప్పినాను."

మంజులమ్మ సరేనంది. బోర్లా పడుకొని రెండు సూదులూ వేయించుకుంది. బయటికి వచ్చి, కుంటుతూ నడిచి, బస్సెక్కి అశ్వత్థప్ప పట్టి ఉంచిన సీట్లో కూర్చుంది. ఒంట్లో ఎలా ఉందని ఆయన అడిగితే ఆమెకు జవాబు తోచలేదు. తన ఒంట్లో ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇన్నాళ్లూ ఆమె అంబికను చూసేది. ఇప్పుడు పక్కన పెట్టి కొలవడానికి ఎవరూ లేరు. పోతూ పోతూ కూడా తనకంటే మంచిది అనిపించుకొని పోయింది అన్న ఆలోచన, పాత అలవాటు కొద్దీ, ఒకసారి కడుపులో చురుక్కుమంది. ఆ చురుకు వెంటనే పోకుండా ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు ఆరున్నరకు ఆమె రోజాల బల్ల దగ్గర ఉంది. ఇంట్లో, వంటగది అలమారలో, కుడి చేతికి అందే అరలో ఆ స్టీలు డబ్బా ఉంది. నిండా వేయించిన అనపపప్పు, బిగించిన మూత, మూత మీద పాత్రల అంగడివాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన తమిళ అక్షరాలు. బర్గూరు, ధ. అంబిక.